మడ్డి

మా గుడివాడ మిల్లాయన బియ్యపు గింజ ఒకటి పంటి కింద పెట్టి, కళ్ళు సగం మూసి, "ఇరవై నెలలు" అంటాడు. నేను చూస్తుండగా ఆయన లెక్క తప్పలేదు. కొత్త గింజ నలుగుతుందట, పాత గింజ టిక్కుమని విరుగుతుందట. నా పంటి కింద అన్నీ ఒక్కలాగే విరుగుతాయి. వండాక మాత్రం నాకూ తెలుస్తుంది. కొత్త బియ్యం అన్నం ముద్దకట్టి గరిటెను వదలదు. పాతది మల్లెమొగ్గల్లా దేనికది విడివడి, గిన్నె నిండా ఒదుగుతుంది.

మా అయిదుగురి సావాసం ఆ పాత బియ్యం దగ్గరే మొదలైంది. మిల్లాయన, సత్యనారాయణపురంలో ఆయుర్వేదం చూసే డాక్టరు గారు, బందరులో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన లెక్చరరు గారు, జీవితమంతా కాలవ గట్ల మీద ఉద్యోగం చేసి దిగిన నాగాయలంక ఇంజనీరు గారు, బ్యాంకులో సంతకాలు పెట్టి పెట్టి వేళ్ళు కాయలు కాసిన నేను. ఏడాదికి ఒకటి రెండుసార్లు మా ఇంట్లోనో డాక్టరు గారింట్లోనో కూర్చుంటాం. మధ్యలో పాతదేదో ఒకటి ఉండాలి, అదొక్కటే షరతు. ఒకసారి నాలుగేళ్ళ చింతపండు పెట్టుకున్నాం. నల్లగా తారులా ఉంది. పులుపు తగ్గి, ఎక్కణ్ణించో తీపి వచ్చి చేరింది. ఇంకోసారి డాక్టరు గారు మందుకని దాచిన పదేళ్ళ నెయ్యి మూత తీశారు. దాని రుచి సంగతి చెప్పలేను, వాసనకే నలుగురం వరండాలోకి వచ్చేశాం. ఆయనొక్కరే లోపల కూర్చుని, "మీకు నెయ్యి తెలుసు, ఘృతం తెలియదు" అన్నారు.

ఈ వరసలోకి వైన్ ఎలా వచ్చిందంటే, మిల్లాయన కొడుకు ఇంగ్లండులో ఉంటాడు. తండ్రికి పాతవాటి మీదున్న పిచ్చి తెలిసి, సంక్రాంతికి వచ్చేటప్పుడు పాత సీసా ఒకటి తేవడం మొదలుపెట్టాడు. రెండేళ్ళ కిందట మదీరా, రెండు అరసీసాలుగా, తెచ్చాడు. ఈ ఏడు పోర్ట్ తెచ్చాడు.

మన దగ్గర ఈ సంగతి చెప్పుకోవడంలో ఒక చిక్కుంది. తెలుగులో తాగేదాన్ని మందంటాం. మందును ఎవరైనా రుచి చూస్తారా? ముక్కు మూసుకుని మింగుతారు. మన తాగుడూ అలాగే ఉంటుంది, గబగబా, గోడవైపు తిరిగి, ఇల్లు చేరేలోగా వాసన పోయేటట్టు. ఊరూరా ‘వైన్స్’ అని బోర్డులున్నాయి. ఆ కొట్లో బ్రాందీ ఉంటుంది, విస్కీ ఉంటుంది, బీరుంటుంది. వైన్ అడిగితే కొట్టువాడు మనకేసి జాలిగా చూస్తాడు. పైగా ఇది దూబగుంట ఉన్న రాష్ట్రం. 1992లో ఆ నెల్లూరు జిల్లా పల్లెలో ఆడవాళ్ళు సారా కొట్టుకు ఎదురు తిరిగితే, ఆ మంట జిల్లాలన్నీ పాకి, 1995 నాటికి సంపూర్ణ మద్యనిషేధం దాకా పోయింది. రెండేళ్ళకే ఎత్తేశారనుకోండి. సీసా అంటే ఏమిటో ఆ ఆడవాళ్ళకు తెలిసినట్టు మా అయిదుగురికీ తెలియదు. వాళ్ళ ముందు నిలబడి ద్రాక్షసారా పరిమళం గురించి ప్రసంగించే ధైర్యం నాకు లేదు. ఆ మాటకొస్తే మా ఆవిడ ముందే లేదు. అయిదుగురికీ కలిపి ఒక్క సీసా, ఆ రాత్రికి అంతే, అన్న ఒప్పందం మీదనే మా ఇంట్లో గాజుగ్లాసులు అల్మారా దిగుతాయి.

ఇవి మామూలు వైన్‌లు కావు. ఫోర్టిఫైడ్ అంటారు. ఆ మాటను లెక్చరరు గారు ‘కోట కట్టిన ద్రాక్షసారా’ అని తెలుగు చేశారు. బందరాయన కదా, కోట లేనిదే మాట రాదు. కానీ అలా అన్నాకే నాకు విషయం బోధపడింది. ద్రాక్షరసం పులిసేకొద్దీ తీపి పోయి మత్తు వస్తుంది. పోర్ట్ చేసేవాళ్ళు దాన్ని పూర్తిగా పులవనివ్వరు. సగం తీపి ఇంకా ఉండగానే, రెండు మూడు రోజులకే, ఘాటైన ద్రాక్షసారాయి తెచ్చి అందులో కుమ్మరిస్తారు. ఇంచుమించు నాలుగు పాళ్ళ రసానికి ఒక పాలు. ఆ దెబ్బకు పులియబెట్టే జీవాలు చస్తాయి. మిగిలిన తీపి మిగిలినట్టే నిలిచిపోతుంది.

"లొట్టికి సున్నం రాయడమే కదండీ," అన్నారు ఇంజనీరు గారు.

అంతే మరి. తాటిచెట్టుకు కట్టే లొట్టి లోపల సున్నం పూస్తే నీరా నీరాగానే దిగుతుంది, బెల్లం వండుకోవచ్చు. పూయకపోతే తెల్లారి తియ్యగా, మధ్యాహ్నానికి పుల్లగా, మర్నాటికి నోట పెట్టలేనట్టుగా తయారవుతుంది. కల్లు బతుకు ఒక్క పూట. ఆ ఒక్క పూటలోనే అది ఏ చెట్టుదో, పోతుతాడుదో పండుతాడుదో, ఏ వేళకు దించారో గుక్క పట్టి చెప్పగల నాలుకలు దివిసీమలో ఎన్నో ఉన్నాయి. ఆ నాలుకలు గలవాళ్ళను రసికులని ఎవరూ అనలేదు. వాళ్ళు మెచ్చుకునే సరుకు మీద ఏడాది అచ్చేయడానికి వీల్లేదు, అదీ కారణం.

మిల్లాయన మాత్రం కోట అన్న మాటనే పట్టుకున్నాడు. "ఉప్పొక బురుజు, కారమొక బురుజు, ఆవపిండొకటి, నూనె ఒకటి. మధ్యలో మామిడి ముక్క. ఆవకాయను మించిన కోట ఎవడు కట్టాడండీ?" అన్నాడు. ఎవరం కాదనలేదు.

మదీరా కథలో నాకు నచ్చేది మన ఎండ. వైన్ పుస్తకాలన్నీ ఒకటే పోరు పెడతాయి, చల్లగా ఉంచు, చీకట్లో ఉంచు, కదపకు అని. బెజవాడలో అది అయ్యే పనేనా? కట్టమంచి రామలింగారెడ్డి గారు ఈ ఊరిని బ్లేజ్‌వాడ అన్నారని ఇప్పటికీ చెప్పుకుంటాం. రోహిణి కార్తెలో ఇంద్రకీలాద్రి రాళ్ళ వేడి రాత్రి పన్నెండయినా దిగదు. అలాంటి చోట మామూలు వైన్ ఒక్క వేసవికే ఉడికి చెడుతుంది. మదీరాకు ఆ భయం లేదు. అది ముందే ఉడికింది.

ఆఫ్రికాకు పడమట అట్లాంటిక్‌లో ఉన్న చిన్న పోర్చుగీసు దీవి మదీరా. ఇంగ్లండు నుంచి ఇండియాకు వచ్చే కంపెనీ ఓడలు అక్కడ ఆగి పీపాలు ఎక్కించుకునేవి. ఓడ అడుగున, గాలాడని చోట, వేడికి మగ్గుతూ, అలలకు ఊగుతూ నెలల తరబడి ప్రయాణం. రానూ పోనూ భూమధ్యరేఖను నాలుగుసార్లు దాటాలి. ఇంకో వైన్ అయితే దారిలోనే వెనిగర్ అయి కూర్చునేది. ఇది బాగుపడింది. అమ్ముడుపోక తిరిగొచ్చిన పీపా తెరిచి చూస్తే పోయినప్పటికన్నా రుచిగా ఉంది. ఇక వ్యాపారులు ఊరుకుంటారా? కావాలనే ఓడెక్కించి, ఇండియా చూపించి, వెనక్కి తెచ్చి అమ్మారు. లండన్‌లో ‘ఈస్ట్ ఇండియా మదీరా’ అని దానికి విడిగా పేరు, విడిగా గిరాకీ. మనం తిట్టుకుంటూ భరించే ఈ ఎండకు ఒకప్పుడు అక్కడ రేటు పలికిందన్నమాట.

ఇక్కడికొచ్చేసరికి లెక్చరరు గారిని ఆపడం మా తరం కాదు. 1611లో ఇంగ్లీషువాళ్ళ ‘గ్లోబ్’ ఓడ బందరు వచ్చిందంటారు. అంతకు ముందే డచ్చివాళ్ళు దిగారంటారు. రేవు లోతు చాలక ఓడలు మైళ్ళ దూరంలోనే లంగరు వేసేవనీ, కొబ్బరితాడుతో కుట్టిన మసూలా పడవలు సరుకును ఒడ్డుకు చేర్చేవనీ చెబుతారు. చెప్పి చెప్పి చివరికి, "ఇన్ని ఓడలు వచ్చిన చోట ఒక్క పీపా అయినా దిగదూ?" అని నాకేసి చూస్తారు. బ్యాంకువాణ్ణి, దస్తావేజు చూపించమంటాను. "డచ్చి సమాధుల్ని అడగండి" అంటారు. ఆ సమాధులు నేను చూశాను. రాతి మీద బొమ్మలూ, వంశాల ముద్రలూ ఎంతో ఓపికగా చెక్కారు. బందరు ఎండలో ఆ రాళ్ళు కూడా మూడొందల ఏళ్ళకు పైగా ఉడుకుతూనే ఉన్నాయి. ఏమడిగినా చెప్పే రకంగా మాత్రం కనిపించలేదు.

ఇప్పుడు మదీరాను ఎవరూ ఓడెక్కించరు. చవక సరుకును తొట్లలో పోసి మూడు నెలలపాటు వెచ్చబెడతారు. మంచి సరుకు పీపాల్లోకి ఎక్కించి, పైకప్పు కింద ఎండ తగిలే అటకల మీద ఏళ్ళకేళ్ళు వదిలేస్తారు. ఇరవై ఏళ్ళు పీపాలో ఉంటే గానీ పైతరగతి సీసా మీద సంవత్సరం వేయనివ్వరు. నిజంగా పాతవాటి కోసం ఎగబడేవాళ్ళు అంతకు కూడా తృప్తి పడరు. వాళ్ళకు 1850కి ముందువి కావాలి. 1852లో ఆ దీవి తోటలకు బూడిద తెగులు సోకింది. ఇరవై ఏళ్ళకు వేరుపురుగు వచ్చి మిగిలినవాటినీ తినేసింది. తర్వాత అమెరికా వేరుకు అంటుకట్టి మళ్ళీ నాటుకున్నారు. అంతకు ముందటి సీసా దొరికితే, దాంట్లో ఉన్నది ఇప్పుడు భూమ్మీద లేని తీగల రసం. అందుకని అంత ఆరాటం.

ఆరాటం సరే, సంవత్సరాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? కొన్ని పాత సీసాల మీద ‘సోలెరా’ అని రాసి, పక్కన ఎప్పటిదో ఏడాది వేసి ఉంటుంది. అది ఆ పీపా మొదలుపెట్టిన ఏడు. ఏటా కొంత తీసి సీసాల్లో పోసి, ఆ ఖాళీలో కొత్తది నింపుతూ వస్తారు. పోనుపోను మొదటి ఏటిది చుక్క మిగిలితే గొప్ప. ఇది విని మా ఆవిడ వంటింట్లోంచే, "తోడు" అంది. నిజమే. మా ఇంట్లో ఇవాళ్టి పెరుగుకు నిన్నటి పెరుగు తోడు, దానికి మొన్నటిది. ఆ చుక్క మా అత్తగారి ఇంటినుంచి ఆవిడతోపాటు కాపురానికి వచ్చింది. ఆ లెక్కన మా పెరుగు గిన్నె మీద కూడా ఏ 1890 అనో లేబుల్ అంటించుకోవచ్చు. పుల్లగా ఉందని ఎవరూ వంక పెట్టరు.

నా సొంత పరువు కూడా ఆ మదీరా దగ్గరే పోయింది. మిల్లాయన సీసాలకు తువ్వాలు చుట్టి రెండు గ్లాసులు పోశాడు. ఒకటి పదేళ్ళది, ఒకటి నలభై దాటింది. ఏది ఏదో చెప్పమన్నాడు. మొదటిది చిక్కగా, బరువుగా, బెల్లంపాకంలా ఉంది. రెండోది పలచగా, చురుగ్గా, ఉసిరికాయ తిని నీళ్ళు తాగినట్టు ఆఖర్న తియ్యగా ఉంది. నేను మొదటిదాన్ని ఎత్తి పట్టుకుని, కాలం ఇందులో ఎలా చిక్కబడిందో ఒక అయిదు నిమిషాలు మాట్లాడాను. బాగానే మాట్లాడానని ఇప్పటికీ అనుకుంటాను. తువ్వాళ్ళు విప్పితే అది పదేళ్ళది. డాక్టరు గారు పొంగిపోయారు. కొత్త మద్యం బరువు, పాతది తేలిక అని చరకుడు ఎప్పుడో చెప్పాడట. ఎనభై నాలుగు రకాల ఆసవాలు లెక్కపెట్టిన మనిషి మాట వినకపోతే ఇలాగే ఉంటుందన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టక నాకొక అనుమానం పుట్టింది. లేబుల్ తీసేస్తే నాకు దక్కేది ఎంత? నేను నాలుకతో తాగుతున్నానా, అంకెలతో తాగుతున్నానా? బ్యాంకులో ముప్ఫయి నాలుగేళ్ళు అంకెల మధ్య గడిపినవాడికి రాకూడని అనుమానమేమీ కాదు.

ఈ సంక్రాంతికి వచ్చిన పోర్ట్ సీసా దగ్గర ఆ అనుమానం ఇంకో దారి పట్టింది.

పోర్ట్‌లో రకాలున్నాయి. పీపాలోనే ఏళ్ళు గడిపి రంగు వెలిసేది ఒకటి. రెండేళ్ళకే సీసాలోకి దిగి, ఆ చీకట్లో దశాబ్దాలు మాగేది ఇంకొకటి. ఈ రెండోదాన్ని ఏటా చెయ్యరు. పంట గొప్పగా ఉందని నమ్మిన ఏడు మాత్రమే కంపెనీలు ఆ సంవత్సరాన్ని ప్రకటిస్తాయి. పదేళ్ళలో అలాంటివి మూడొస్తే ఎక్కువ. మనం ఉగాదికి పంచాంగం విని ఏడాది ఎలా ఉండబోతుందో ముందే తెలుసుకుంటాం. వాళ్ళు ఏడాది అయిపోయాక, రుచి చూసి, తీరిగ్గా చెబుతారు. మనం సంవత్సరాలకు పేర్లు పెట్టాం, వాళ్ళు మార్కులు వేస్తారు.

సీసాను రెండు రోజులు మా ఫ్రిజ్‌లో నిలబెట్టాం, మడ్డి అడుక్కి దిగాలని. కరివేపాకు పక్కన, ఇడ్లీపిండి గిన్నె వెనక. ఆ రాత్రి బిరడా తీయబోతే సగం చేతికొచ్చింది, సగం పొడిపొడిగా లోపలికి రాలింది. అంత పాత బిరడాలు అలాగే చేస్తాయి. అలాంటప్పుడు పట్టకారు ఎర్రగా కాల్చి, సీసా మెడకు పట్టించి, వెంటనే తడిగుడ్డ వేస్తే మెడ చక్కగా తెగుతుందని నేను చదివాను. ఇంజనీరు గారు ఉత్సాహంగా లేచారు కూడా. మా ఆవిడ స్టవ్ కట్టేసింది. చివరికి పాత మల్లుపంచె చింపి, నాలుగు మడతలు వేసి, గాజుకూజాలోకి వడకట్టాం. ఆ దేశాల్లో కూడా పల్చటి మల్లుగుడ్డతోనే వడకడతారు. రెండువేల ఏళ్ళ కిందటి గ్రీకు నావికుడి పుస్తకంలో మసాలియా అన్న పేరుతో ఉన్నది మన తీరమేననీ, అక్కడ మల్లు విస్తారంగా నేస్తారని రాశాడనీ లెక్చరరు గారు గుర్తు చేశారు. అంచేత ఈ పంచె తన ఊరి తరఫున హాజరైనట్టేనట. పంచె నాది, పవర్‌లూమ్‌ది. చెప్పలేదు.

ఇంత హడావుడి అయ్యాక మిల్లాయన ఖాళీ సీసా తెచ్చి బల్ల మధ్యలో పెట్టాడు. ఈసారి తువ్వాలు చుట్టలేదు. తెల్లటి అంకెలు నా వైపే ఉన్నాయి. 1977.

"సెంచరీలోనే గొప్ప సంవత్సరాల్లో ఒకటట," అన్నాడు, కొడుకు చెప్పింది అప్పజెబుతూ. అనేశాక ఆయనకే తట్టింది. ఇంజనీరు గారి వైపు చూడకుండా గ్లాసులు సర్దడం మొదలుపెట్టాడు.

కృష్ణా జిల్లాలో పుట్టినవాడికి ఆ అంకె ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19, శనివారం, కార్తీక మాసం. కోతకొచ్చిన చేల మీదికి సముద్రం నడిచొచ్చింది. తాటిచెట్టు ఎత్తున వచ్చిందని చూసినవాళ్ళు చెప్పేవారు. పదివేలకు పైగా మనుషులు పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి పేర్లు పేపర్లో చదివి, అప్పుడు బెజవాడలో కాలేజీ కుర్రాళ్ళం, బియ్యం మూటలు లారీలకెత్తాం. నేను చేసింది అంతే. పంచాంగంలో ఆ ఏడు పింగళ. దివిసీమలో దాన్ని పింగళ అనరు, డెబ్భై ఏడు అని కూడా అనరు. ఉప్పెన యేడు అంటారు. పెళ్ళిళ్ళూ పుట్టుకలూ అన్నీ ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత.

ఆ శనివారం నాటికి ఈ సీసాలోది ఇంకా సీసా ఎక్కలేదు. కోసి రెండు నెలలైనా కాలేదు. పోర్చుగల్‌లో, పోర్ట్ పుట్టే డోరో లోయలో, ఏదో పీపాలో తేరుకుంటూ ఉండి ఉంటుంది. అక్కడా నది ఒడ్డే, అక్కడా రైతులే. పంట బాగా వచ్చిందని సంతోషంగా ఉండి ఉంటారు. ఆ సంతోషానికి వంక పెట్టే హక్కు నాకేముంది? అయినా గొప్ప సంవత్సరం అన్న మాట చెవిన పడగానే నాకు ఒళ్ళు మండింది. ఆ ఏడు ఏమీ జరగనివాళ్ళకే గదా సంవత్సరం రుచిగా ఉండేది అనుకున్నాను. అనుకుని, ఆ వాక్యం బాగుందనిపించి, ఎప్పుడు వదలాలా అని చూస్తూ కూర్చున్నాను. మొన్న మదీరా దగ్గర అంకె చూడకుండా బోల్తాపడ్డాను. ఇవాళ గ్లాసు ముట్టకుండా అంకెనే చూస్తున్నాను.

ఇంజనీరు గారు గ్లాసు తీసుకుని వాసన చూశారు. ఒక గుక్క తాగి, కాసేపు నోట్లో ఉంచి మింగారు.

"బాగుందండీ. వగరు తీపిలో కలిసిపోయింది. కోతలప్పుడు వానల్లేవనుకుంటా వాళ్ళకి."

అంతే. నేను దాచుకున్న వాక్యం నా దగ్గరే ఉండిపోయింది.

మేమూ తాగాం. నిజంగా బాగుంది. ఎండిన నల్లద్రాక్ష, అంజూర, చివర్న గొంతులో చల్లగా ఇంకేదో. ఇంగ్లీషు పుస్తకాల్లో దాన్ని లికరిస్ అంటారు. అదేమిటో తెలియక చాలాకాలం ఏదో చాక్లెట్ అనుకున్నాను. డాక్టరు గారు నవ్వి, "అతిమధురం చెక్కండీ. పాటకచేరీకి ముందు బుగ్గన పెట్టుకుంటారు చూడండి" అన్నారు. అప్పట్నుంచి వైన్ పుస్తకాలు నాకు కొంచెం లోకువయ్యాయి. మా నాలుకలకు వాళ్ళ పళ్ళ పేర్లు రావు. మిల్లాయన పాత ధాన్యపు గాదె అంటాడు, లెక్చరరు గారు మామిడితాండ్ర అడుగుపొర అంటారు. ఒకరన్నది ఇంకొకరికి దొరికేదాకా ఊరుకోం. ఒక్కణ్ణే కూర్చుని ఎన్నోసార్లు మంచివి తిన్నాను. ఒక్కటీ గుర్తు లేదు. పక్కనున్నవాడు "తాండ్ర" అన్నాక, అవును సుమా అని నేను తలాడించిన గుక్కలు మాత్రం గుర్తున్నాయి.

పోర్ట్‌కు మదీరాకున్న ఆయుష్షు లేదు. మదీరా మూత తీశాక కూడా నెలల తరబడి చెక్కుచెదరదు. ఇంత పాత పోర్ట్‌ను తెరిచాక ఒకటి రెండు రోజుల్లో అయిపోగొట్టాలి, లేదంటే వాడిపోతుంది. ఎలాగూ మా ఆవిడతో ఒప్పందం ఉంది కాబట్టి ఆ బెంగ పెట్టుకోలేదు. కూజా అడుగు కనిపిస్తున్న వేళ ఇంజనీరు గారు లేచి, సింకు దగ్గర పడేసిన పంచెగుడ్డ విప్పి చూశారు. మడతల్లో నల్లటి బురద, చెంచాడో చెంచాన్నరో. వేలికి రాసుకుని, బొటనవేలితో నలిపారు. కాలవ పూడిక చూసే అలవాటు చేతికింకా పోలేదు.

"ఇన్నేళ్ళకు ఇంతేనా మడ్డి?" అన్నారు. "మా ఇంట్లో ఒక్క రాత్రికి మోకాలెత్తున వేసింది."

ఆయనతో ఇన్నేళ్ళ స్నేహంలో ఆ రాత్రి గురించి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. గుడ్డ మడిచి పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నారు.

"అటక ఎక్కాం మేం. పన్నెండేళ్ళు నాకు. మాది పెంకుటిల్లే గానీ మట్టిగోడ కాదు, ఇటుక. అదే నిలబెట్టింది. అటక మీద మా అమ్మ ఊరగాయ జాడీలుండేవి. వాటి మధ్యన ఇరుక్కుని కూర్చున్నాం నలుగురం. కింద నీళ్ళు ద్వారబంధం దాకా వచ్చాయి. అమ్మ రాత్రంతా ఒక జాడీని పట్టుకునే ఉంది. అదేదో మమ్మల్ని పట్టుకోక జాడీని పట్టుకుంటుందేమిటని నాకు కోపం."

మిల్లాయన గ్లాసు కింద పెట్టాడు.

"తెల్లారి దిగితే ఊళ్ళో పొయ్యి లేదు, పొయ్యి ఉన్నా కట్టె లేదు, అంతా తడే. మూడో రోజుకో నాలుగో రోజుకో హెలికాప్టర్ మీంచి పొట్లాలు వేశారు. తర్వాత అన్నం వండి లారీల్లో తెచ్చారు బెజవాడ నుంచీ, గుడివాడ నుంచీ. ఒట్టి అన్నం. మా అమ్మ జాడీ దింపి వాసెన విప్పింది. ఏమీ కాలేదు దానికి, నూనె పైన అద్దంలా ఉంది. మా వీధిలో మిగిలినవాళ్ళందరికీ అదే. అరిటాకులు కూడా లేవు, చేతుల్లోనే పెట్టేది. అందరికీ పెడుతూ ఒకటే మాట, ‘ఏమీ అనుకోకండమ్మా, ఈ యేడు ఉప్పు కాస్త ఎక్కువ పడింది’ అని."

కాసేపు ఎవరం ఏమీ అనలేదు. వంటింట్లో మా ఆవిడ గిన్నెల చప్పుడు కూడా ఆగింది.

"కాయ ఏదండీ?" అన్నాడు మిల్లాయన. ఆయనకు వేరే ఏమడగాలో తెలియదు.

ఇంజనీరు గారు ఆలోచించారు.

"చిన్నరసాలే అనుకుంటా. కొన్నవి కావు, మా పెరటి చెట్టువి. పులుపు బాగా ఉండేది," అన్నారు. "ఆ చెట్టు ఆ రాత్రే పోయింది."